ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావు

రామాయణాన్ని తెలుగులోకి తెచ్చిన కవులు అనేకులు. గ్రంథం రచించడమే కాక, ఆ గ్రంథ నాయకుని ఆలయం కోసం ఊరూరా తిరిగి భిక్షమెత్తిన కవి మాత్రం అరుదు. అటువంటి అరుదైన వ్యక్తి వావిలికొలను సుబ్బారావుగారు. ఆంధ్రవాల్మీకి అన్న బిరుదుతోను, వాసుదాసస్వామి అన్న ఆశ్రమ నామంతోను ఆయన ప్రసిద్ధులు. ఆయన జీవితంలో విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. ఆయన కళాశాల పరీక్షలో తప్పి చదువు మానుకొన్నవారు. అయినా ఇరవై యేళ్ల తరువాత మద్రాసులోని ప్రభుత్వ కళాశాలలోనే పండితులుగా ప్రవేశించారు. ఈ రెండు సంఘటనల నడుమ ఏమి జరిగిందన్నదే ఈ పాఠంలోని ముఖ్యాంశం.

సుబ్బారావుగారి పేరుతో పాటు తలచుకోవలసిన ఊరు ఒంటిమిట్ట. కడప నుంచి రాజంపేటకు పోయే దారిలో, కడపకు సుమారు ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో ఈ ఊరున్నది. ఇక్కడి కోదండరామాలయం విజయనగర రాజుల కాలంనాటి శిల్పకళకు చక్కని నిదర్శనం. గర్భాలయంలో సీతారామలక్ష్మణుల మూర్తులు ఒకే శిలలో మలచినవి. అందువల్లనే దీనికి ఏకశిలానగరమన్న పేరు కూడా వచ్చింది. రాముని సన్నిధిలో తప్పక ఉండే హనుమంతుడు ఈ గర్భాలయంలో కనిపించడు. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు అన్నదమ్ముల పేర్ల మీదుగా ఊరికి ఈ పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకొంటారు. 1652లో ఈ దారిన ప్రయాణించిన టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ఈ ఆలయాన్ని చూసి, భారతదేశంలోని గొప్ప ఆలయాలలో ఒకటిగా దీనిని తన యాత్రా గ్రంథంలో పేర్కొన్నాడు. ఇంతటి వైభవం చూసిన ఆలయం కాలక్రమంలో ఆదరణ కరవై శిథిలావస్థకు చేరింది. సుబ్బారావుగారి కథ ఒంటిమిట్ట కథతో కలిసేది ఇక్కడే.

సుబ్బారావుగారు 1863 జనవరి 23న కడప జిల్లాలో జన్మించారు. ఆ కాలంలో రాయలసీమ జిల్లాలలో బతుకు వాన మీద ఆధారపడి ఉండేది. ఆయన పదమూడవ యేట మొదలై 1878 దాకా సాగిన ధాత కరవు కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలను కుదిపివేసింది. లక్షలాది ప్రజలు ఆకలితోను, అంటువ్యాధులతోను మరణించారు. అటువంటి గడ్డురోజులలో పిల్లవానిని బడికి పంపడమే ఒక సాహసం. ఇంగ్లీషు చదువుతో దొరికే సర్కారు ఉద్యోగం ఒక్కటే వానమబ్బుతో పనిలేని జీవనాధారమని అప్పటి మధ్యతరగతి కుటుంబాల నమ్మకం. సుబ్బారావుగారి చదువు కూడా ఆ మార్గంలోనే సాగింది.

అప్పటి చదువుల తీరును కొంత తెలుసుకొంటే గాని ఆయనకు తగిలిన దెబ్బ ఎటువంటిదో అర్థం కాదు. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. అందులో అడుగుపెట్టడానికి మొదటి మెట్టు మెట్రిక్యులేషన్. రెండవ మెట్టు ఎఫ్.ఏ. పరీక్ష. నేటి ఇంటర్మీడియట్‌కు అది పూర్వరూపమని చెప్పవచ్చు. ఆ మెట్టు దాటితేనే బి.ఏ. చదువుకు అర్హత. బోధన అంతా ఇంగ్లీషులోనే. విద్యార్థి ఎదుర్కొనే గణితం, చరిత్ర, ప్రకృతిశాస్త్రం వంటి విషయాలన్నీ పరాయి భాషలోనే ఉండేవి. ఒక విషయంలో ఎంతటి ప్రజ్ఞ ఉన్నా, వేరొక విషయంలో కొరత పడితే ఆ ప్రజ్ఞ అతనిని కాపాడేది కాదు. పట్టణాలలో పుట్టి మంచి పాఠశాలలలో చదివినవారికే కష్టమైన ఆ పరీక్ష, కరవు సీమలోని పిల్లలకు మరింత కష్టమైనదని వేరుగా చెప్పనక్కరలేదు.

సుబ్బారావుగారు ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులు కాలేకపోయారు. అంతటితో ఆయన కళాశాల చదువు ముగిసింది. పరీక్ష తప్పినవారికి ఆనాడు విశ్వవిద్యాలయ ద్వారాలు మూసుకుపోయినట్లే. పట్టం లేనిదే పెద్ద ఉద్యోగం లేదు. పెద్ద ఉద్యోగం లేనిదే సంఘంలో మన్నన లేదు. మళ్లీ పరీక్షకు కట్టాలంటే రుసుము కావాలి, పట్టణంలో బస కావాలి, వీటన్నిటికీ మించి ఇంటివారు మరికొంత కాలం ఎదురు చూడగలగాలి. ఈ కారణాలవల్లనే ఆ తరంలో ఎందరో తెలివైన యువకులు ఒక్క పరీక్షతోనే చదువుకు స్వస్తి చెప్పి, దొరికిన కొలువులో చేరిపోయారు.

1883లో, తన ఇరవయ్యవ యేట, సుబ్బారావుగారు ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో ఒక చిన్న ఉద్యోగంలో చేరారు. అక్కడి నుంచి క్రమంగా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పదవి వరకు ఎదిగారు. ఆ శాఖలో పని అంటే గ్రామాలు తిరగడం, కరణాల లెక్కలు సరిచూడడం, పైరుల స్థితిని పరిశీలించడం, శిస్తు బాకీల జాబితాలు తయారుచేయడం. సాహిత్యానికి ఆ పనికి పొత్తు కుదరదని ఎవరైనా అనుకొంటారు. సుబ్బారావుగారు మాత్రం ఆ ఉద్యోగంలో ఉంటూనే సంస్కృతాంధ్ర భాషలలో పాండిత్యాన్ని పెంచుకొన్నారు. పురాణాలు, ప్రబంధాలు, వ్యాకరణ గ్రంథాలు ఆయనకు కళాశాలగా మారాయి. ఈ కళాశాలలో ప్రవేశానికి అర్హతా పత్రం అవసరం లేదు. పరీక్ష తేదీ గాని, ఉత్తీర్ణుల జాబితా గాని లేవు. అందువల్ల ఎంత చదివినా ఇక చాలునని చెప్పేవారు లేరు. చదవకపోయినా అడిగేవారు లేరు. పూనిక ఒక్కటే అక్కడ గురువు.

ఆ సాధనకు ఫలంగా వెలువడిన కావ్యాలలో ముఖ్యమైనది కుమారాభ్యుదయము. పూర్వ ప్రబంధ కవుల మార్గంలో సాగిన ఈ రచన ఆయన భాషాధికారాన్ని లోకానికి చాటింది. కౌసల్యా పరిణయము, సుభద్రా విజయ నాటకము వంటి కృతులు కూడా ఆయన రచించారు. వ్యాకరణాన్ని తేలికగా బోధించడానికి సులభ వ్యాకరణమనే గ్రంథాన్ని సిద్ధం చేశారు. కచేరీ లెక్కలు రాసిన చేతితోనే ఆయన పద్యాలు కూడా రాశారు. కడప జిల్లాలోని ఒక రెవెన్యూ ఉద్యోగి పేరు ఈ విధంగా పండిత లోకానికి తెలియవచ్చింది.

1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండిత పదవి సుబ్బారావుగారిని వరించింది. 1840లో పుట్టిన ఈ ప్రభుత్వ విద్యాసంస్థకు దక్షిణ భారతదేశంలో సాటిలేని ప్రతిష్ఠ ఉండేది. కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు, కందుకూరి వీరేశలింగం పంతులుగారు వంటి ఉద్దండులు అంతకుముందు ఆ కళాశాలలో తెలుగు బోధించారు. వారు కూర్చున్న పీఠంపై, ఎఫ్.ఏ. పరీక్ష తప్పి తాలూకా కచేరీకి పోయిన వ్యక్తి కూర్చున్నారు. తాను దాటలేకపోయిన పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థులకు ఇప్పుడు ఆయనే పాఠం చెప్పసాగారు.

ఇది ఏ విధంగా సాధ్యమైంది? ఆ కాలపు విద్యావిధానంలో ఇంగ్లీషు, గణితం వంటి విషయాలు బోధించడానికి విశ్వవిద్యాలయ పట్టం తప్పనిసరి. దేశభాషా పండితుల విషయంలో పద్ధతి వేరు. కావ్య వ్యాకరణాలలో అధికారం, పండితుల మధ్య పేరు ప్రతిష్ఠలు అక్కడ పట్టానికి బదులుగా నిలిచేవి. విశ్వవిద్యాలయపు ముఖద్వారం మూసుకుపోయిన వారికి ఆ ప్రక్క వాకిలి తెరిచి ఉండేది. అయితే దానిలో ఒక అన్యాయం కూడా ఉన్నది. పండితులకు ఇంగ్లీషు బోధించే ఆచార్యులతో సమానమైన జీతం గాని, హోదా గాని ఉండేవి కావు. మాతృభాష బోధించేవారు కళాశాలలో తక్కువ మెట్టు మీదనే నిలబడవలసి వచ్చేది. సుబ్బారావుగారికి లభించిన అవకాశం గొప్పదే. ఆ అవకాశానికి గల హద్దులను కూడా గుర్తించడం న్యాయం. ఆ హద్దుల మధ్యనే ఆయన 1920 వరకు, పదహారేళ్లపాటు అక్కడ పనిచేశారు.

ఆయన ఆ కళాశాలలో బోధిస్తున్న రోజులలోనే మద్రాసు నగరంలో ఇటువంటిదే మరొక సంఘటన జరిగింది. గణితంలో అసమాన ప్రతిభ గల శ్రీనివాస రామానుజన్ ఇతర విషయాలలో మార్కులు రాక ఎఫ్.ఏ. పరీక్షలో ఒకటికి రెండుమార్లు తప్పాడు. 1912లో మద్రాసు రేవు కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. పట్టం లేని ఆ గుమాస్తాకు 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. మరుసటి సంవత్సరమే అతడు కేంబ్రిడ్జికి వెళ్లాడు. ఒకరు గణితవేత్త, మరొకరు కవి. ఇద్దరినీ ఒకే పరీక్ష వెనుకకు నెట్టింది. ఇద్దరినీ గుమాస్తా కొలువే ఆదుకొన్నది. ఇద్దరికీ వారు స్వయంగా చేసిన కృషే తిరిగి ద్వారం తెరిచింది. మనిషిలోని శక్తిని పరీక్ష కొంతవరకే కొలవగలదని ఆ విశ్వవిద్యాలయమే తన చేతలతో ఒప్పుకొన్నట్లయింది.

సుబ్బారావుగారి జీవితంలో ప్రధానమైన కృషి రామాయణానువాదం. తెలుగులో రంగనాథ రామాయణం, భాస్కర రామాయణం, మొల్ల రామాయణం వంటివి అప్పటికే ప్రసిద్ధమై ఉన్నాయి. వీటిలో కొన్ని సంక్షిప్తాలు, కొన్ని స్వేచ్ఛానువాదాలు. వాల్మీకి చెప్పినదానిని విడువకుండా, చెప్పనిదానిని చేర్చకుండా తెలుగు చేయాలని సుబ్బారావుగారి సంకల్పం. ఇరవైనాలుగు వేల శ్లోకాల మహాకావ్యాన్ని నడుమ వచనం లేకుండా పద్యాలలోనే నడపడం సామాన్యమైన పని కాదు. పైగా వాల్మీకి రామాయణంలో గాయత్రీ మంత్రాక్షరాలు నిక్షిప్తమై ఉన్నాయన్న సంప్రదాయాన్ని గౌరవించి, తెలుగులో కూడా ఆ బీజాక్షరాలు తగిన స్థానాలలో నిలిచేటట్లు రచన సాగించారు. కళాశాలలో పాఠాలు చెబుతూనే ఆయన ఈ మహాకార్యాన్ని నెరవేర్చారు.

శ్రీమదాంధ్ర వాల్మీకి రామాయణమనే పేరు గల ఆ గ్రంథాన్ని సుబ్బారావుగారు రాజులకు గాని, జమీందారులకు గాని అంకితమివ్వలేదు. తన సీమలోని ఒంటిమిట్ట కోదండరామునికే సమర్పించారు. ఆ సందర్భంలో జరిగిన మహాసభలో బళ్లారి సరసవినోదినీ సభకు చెందిన ప్రసిద్ధ నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు ఆయనను ఆంధ్రవాల్మీకి అన్న బిరుదుతో సత్కరించారు. విశ్వవిద్యాలయం ఇవ్వని పట్టాన్ని ప్రజలు ఆ విధంగా ఇచ్చారు. ఈనాటికీ ఆయనను సొంత పేరుతో కన్న ఆ బిరుదుతోనే ఎక్కువమంది గుర్తిస్తారు.

అనువాదంతో ఆయన తృప్తి పడలేదు. చదువరికి ప్రతి పదంలోని అర్థం, దాని వెనుక ఉన్న ధర్మసూక్ష్మం తెలియాలన్న కోరికతో మందరము అనే విపులమైన వ్యాఖ్యను రచించారు. దేవదానవులు పాలసముద్రాన్ని చిలకడానికి వాడిన కవ్వపుకొండ పేరు మందరం. రామాయణమనే సముద్రాన్ని చిలికి సారాన్ని పైకి తీయడమే తన వ్యాఖ్య చేయవలసిన పని అని ఆ పేరే తెలుపుతుంది. కథ తెలిసినవారు సైతం ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదువుతారు. పాత్రల నడవడిలో కలిగే సందేహాలను లేవనెత్తి, వాటికి శాస్త్ర ప్రమాణాలతో సమాధానం చెప్పడం ఇందులోని విశేషం. ఆర్యకథానిధి, హితచర్యలు, ద్విపద భగవద్గీత మొదలైనవి ఆయన ఇతర రచనలు.

ఆయన నమ్మినదానిని గట్టిగా పట్టుకొనే స్వభావం కలవారు. ఇరవయ్యవ శతాబ్ది రెండవ దశాబ్దంలో గ్రాంథిక వ్యావహారిక వాదాలు తెలుగునాట చెలరేగినప్పుడు ఆయన గ్రాంథికం పక్షాన నిలిచి ఆధునిక వచనరచనా విమర్శనమనే గ్రంథం రాశారు. కాలం వ్యావహారికం వైపే నడిచింది. భాగవత కర్త పోతన ఒంటిమిట్ట వాడేనని నిరూపించడానికి పోతన నికేతన చర్చ అనే గ్రంథాన్ని కూడా ఆయన రచించారు. పోతన నివాసం ఓరుగల్లు సమీపంలోని బమ్మెర అన్న అభిప్రాయమే విమర్శకులలో ఎక్కువమందికి సమ్మతమైంది. ఈ రెండు వాదాలలోను ఆయన పక్షం నెగ్గలేదు. అయినా ఆధారాలు వెదకి, వాటిని వరుసగా కూర్చి వాదించిన శ్రద్ధకు విలువ తగ్గదు.

1920లో ఉద్యోగం ముగిసిన తరువాత సుబ్బారావుగారి జీవితం మరొక మలుపు తిరిగింది. రామాయణాన్ని అంకితం పుచ్చుకొన్న దేవుని గుడి శిథిలమై ఉండడం ఆయన మనసును బాధించింది. గుడిని బాగుచేయడానికి ధనం కావాలి. విశ్రాంత పండితుని వద్ద అంత ధనం ఎక్కడిది? ఆయన ఒక టెంకాయ చిప్పను చేతపట్టి భిక్షకు బయలుదేరారు. రాయలసీమలో కొబ్బరికాయను టెంకాయ అంటారు. దేవునికి కొట్టిన తరువాత మిగిలిపోయే చిప్ప లోకం దృష్టిలో విలువ లేనిది. ప్రెసిడెన్సీ కళాశాల పండితులు ఆ చిప్పతో ఆంధ్రదేశంలో ఊరూరా తిరిగారు. తన కోసం కాక రాముని కోసం చేసే యాచన కనుక ఆయనకు అందులో చిన్నతనం కనిపించలేదు.

ఆ చిప్పలో పడిన ప్రతి నాణెం ఆలయానికి చేరింది. కూలిన భాగాలు బాగుపడ్డాయి. దేవునికి ఆభరణాలు అమరాయి. నిత్యపూజలకు, ఉత్సవాలకు తిరిగి కళ వచ్చింది. ఇంతటి పని చేసిపెట్టిన ఆ చిప్పపైనే ఆయన టెంకాయచిప్ప శతకం రచించారు. దేవతలమీద, రాజులమీద శతకాలు వెలసిన తెలుగు సాహిత్యంలో ఒక భిక్షాపాత్రపై శతకం వెలయడం విశేషం. విలువలేదని లోకం పారవేసిన వస్తువు మంచి పనికి పూనుకొంటే ఎంతటి విలువ పొందగలదో ఆయనకు అనుభవంలో తెలిసిన సత్యం.

చివరి దశలో ఆయన గృహస్థ జీవితాన్ని విడిచి వాసుదాసస్వామిగా ఆశ్రమ జీవితం గడిపారు. ఒంటిమిట్టలోనే గాక గుంటూరు సీమలో కూడా ఆయనకు శిష్యులు ఏర్పడ్డారు. తెనాలి సమీపంలోని అంగలకుదురులో వెలసిన సేవక సమాజం ఆయన గ్రంథాలను ప్రచురించి తరువాతి తరాలకు అందజేసింది. 1936 ఆగస్టు 1న, డెబ్బై మూడేళ్ల వయసులో, ఆయన మద్రాసులో పరమపదించారు.

ఆయన పునరుద్ధరించిన ఆలయం నేడు వేలాది యాత్రికులతో కళకళలాడుతున్నది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి వేడుకలను అధికారికంగా ఒంటిమిట్టలో నిర్వహిస్తున్నది. ఆ సంవత్సరమే ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వచ్చింది. ఇక్కడ సీతారాముల కల్యాణం రాత్రివేళ, వెన్నెలలో జరగడం ఆచారం. ఆ వెన్నెలలో కల్యాణం చూసేవారిలో కొందరైనా, ఒకప్పుడు ఈ గుడి కోసం టెంకాయ చిప్ప పట్టిన పండితుని తలచుకొంటారు.

సుబ్బారావుగారి జీవితం నుంచి పరీక్షలు అక్కరలేదన్న పాఠం నేర్చుకోరాదు. పరీక్ష తప్పినందుకు ఆయన మూల్యం చెల్లించారు. ఇరవై యేళ్లు కచేరీలో గడిపారు. కళాశాలలో చేరిన తరువాత కూడా పట్టం గలవారి వెనుకనే నిలిచారు. ఆ కాలంలో ఆయన వలె తప్పినవారు ఎందరో ఉన్నారు. వారందరికీ మరల ద్వారం తెరుచుకోలేదు. ఆయనకు తెరుచుకొన్నది, మూసిన తలుపు ముందు కూర్చుండిపోక తనకు చేతనైన విద్యను విడువకుండా సాధించినందువల్ల. అంకెలలో తక్కువ వచ్చిన ఒక సంవత్సరం మనిషి జీవితంలో ఒక సంవత్సరం మాత్రమే. దాని తరువాతి సంవత్సరాలను ఏ విధంగా వినియోగించుకోవాలన్నది మాత్రం ఆ మనిషి చేతిలోనే ఉంటుంది. సుబ్బారావుగారు ఆ సంవత్సరాలను వృథా చేసుకోలేదు.